రైతుల వద్ద పాఠం నేర్చిన శాస్త్రవేత్త: సర్ ఆల్బర్ట్ హోవర్డ్

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో బిహార్‌లోని పూసా పరిశోధన క్షేత్రంలో ఒక పొట్టి కంచె ఉండేది. కంచెకు ఒకవైపు గాలికుంటు సోకి, నోటి వెంట చొంగ కారుస్తున్న పశువులు. మరొకవైపు ఒక వృక్షశాస్త్రవేత్త తన పర్యవేక్షణలో పెంచుకుంటున్న ఆరు జతల దుక్కిటెద్దులు. ఇటు ఎద్దులు, అటు పశువులు కంచె మీదుగా మూతులు రాసుకునేవి. ఈ ఎద్దులకు టీకాలు వేయలేదు, వాటిని వేరుగా కట్టివేయనూ లేదు. అయినా వాటికి రోగం సోకలేదని ఆ శాస్త్రవేత్త నమోదు చేశారు. సారవంతమైన నేలలో పెరిగిన మేతే వాటికి రక్ష అని ఆయన భావించారు. కంచెకు ఇవతల నిలబడి అది చూసిన ఆ శాస్త్రవేత్త పేరు ఆల్బర్ట్ హోవర్డ్. ఆ చిన్న పరిశీలన ఒక ప్రశ్నగా మారి జీవితాంతం ఆయనను వెంటాడింది. నేల ఆరోగ్యానికీ, పైరు ఆరోగ్యానికీ, దానిని తిని బతికే ప్రాణుల ఆరోగ్యానికీ నడుమ ఉన్న సంబంధం ఏమిటన్నదే ఆ ప్రశ్న.

హోవర్డ్ 1873 డిసెంబరు 8న ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, బిషప్స్ కాజిల్ వద్ద ఒక రైతు కుటుంబంలో జన్మించారు. పశువుల కొట్టం, పేడకుప్ప, దుక్కి, కోత ఆయనకు పుస్తకాలకన్నా ముందే పరిచయం. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లోనూ, తరువాత కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలోనూ ప్రకృతి శాస్త్రాలు అభ్యసించి ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. 1899లో కరీబియన్ దీవులలోని బార్బడోస్ చేరి, చెరకు, కోకో వంటి పంటలను ఆశించే శిలీంధ్రాలపై పరిశోధన ప్రారంభించారు.

ఆయనకు తొలి అసంతృప్తి కలిగింది అక్కడే. పనంతా సూక్ష్మదర్శిని ముందు, గాజు పలకల మీద సాగేది. తెగులు వచ్చిన మొక్క ప్రయోగశాలకు వచ్చేది. తెగులు పేరు, దాని కారకం పేరు తేలేవి. రైతుకు సలహా వెళ్లేది. ఆ సలహాను తానే పాటించి చూడడానికి శాస్త్రవేత్త చేతిలో గజం నేల కూడా లేదు. తాను పండించి చూడని విషయాన్ని పండించేవారికి చెప్పడం ఎంతవరకు సబబు అన్న సంకోచం ఆయనలో అప్పుడే మొదలైంది.

1903లో ఆయన ఇంగ్లండ్‌కు తిరిగివచ్చి కెంట్ ప్రాంతంలోని వై వ్యవసాయ కళాశాలలో చేరారు. బీరు తయారీలో వాడే హాప్స్ తీగపై పరిశోధన ఆయనకు అప్పగించారు. అక్కడి సాగుదారులు మగ తీగలను పనికిరానివిగా భావించి తొలగించేవారు. పరాగసంపర్కం జరిగిన తీగలే త్వరగా పక్వానికి వచ్చి, పేనుబంకనూ బూడిద తెగులునూ మెరుగ్గా తట్టుకుంటాయని హోవర్డ్ గమనించారు. మొక్కను దాని సహజ స్థితికి చేరువగా ఉంచితే రోగం దానంతట అదే వెనక్కు తగ్గుతుందన్న ఆలోచనకు అది బీజం.

1905లో భారత ప్రభుత్వం ఆయనను ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్ట్‌గా నియమించింది. వైస్రాయ్ లార్డ్ కర్జన్ చొరవతో, హెన్రీ ఫిప్స్ అనే అమెరికా సంపన్నుడు ఇచ్చిన విరాళంతో బిహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ అప్పుడే రూపుదిద్దుకుంటోంది. అదే సంవత్సరం ఆయన గాబ్రియెల్ మాథేయిని వివాహమాడారు. ఆమె అప్పటికే పేరున్న శాస్త్రవేత్త. ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించే తీరుపై ఉష్ణోగ్రత, కాంతి చూపే ప్రభావాన్ని కేంబ్రిడ్జ్‌లో లోతుగా పరిశోధించారు. ఆ తరువాత పాతికేళ్లపాటు హోవర్డ్ పేరిట వెలువడిన కృషిలో అధిక భాగం ఈ దంపతులిద్దరిదీ. 1913లో ప్రభుత్వం ఆమెను ద్వితీయ ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్ట్‌గా నియమించింది. ఒక మహిళకు ఆ రోజుల్లో అటువంటి పదవి దక్కడం అరుదు.

పూసాలో హోవర్డ్ మొదట కోరింది ప్రయోగశాలను కాదు, పొలాన్ని. పట్టుబట్టి 75 ఎకరాల నేల సంపాదించారు. అక్కడ పండించడం నేర్చుకోవడానికి ఆయన ఎంచుకున్న గురువులు ఇద్దరు. ఒకరు చుట్టుపక్కల గ్రామాల రైతులు. మరొకరు పైరును ఆశించే పురుగులు, తెగుళ్లు. ఈ రెండో గురువు ఎంపిక విచిత్రంగా తోచవచ్చు. పురుగు, తెగులు వచ్చాయంటే ఆ నేలలో ఏదో లోపం ఉందని అవి చెబుతున్నట్టేనని ఆయన భావించారు. వాటిని చంపే ప్రయత్నంకన్నా, అవి ఎత్తిచూపుతున్న లోపాన్ని వెతకడమే ముఖ్యమనుకున్నారు.

బిహార్ రైతులు మందులు కొనలేదు, కృత్రిమ ఎరువులు ఎరుగరు. అయినా వారి పైర్లు చాలావరకు ఆరోగ్యంగా ఉండేవి. ధాన్యపు పంటలతో పప్పుజాతి మొక్కలను కలిపి వేయడం వారికి తరతరాల అలవాటు. జొన్నలో కంది, గోధుమలో శనగ వంటి మిశ్రమాలు మన తెలుగు నేలల రైతులకూ కొత్తవి కావు. పప్పుజాతి వేళ్లపై కనిపించే బుడిపెలలో బ్యాక్టీరియా నివసించి గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుందని హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1880లలోనే నిరూపించారు. శాస్త్రం అప్పుడు కనుగొన్న విషయాన్ని భారతీయ రైతు శతాబ్దాలుగా చేతలలో పాటిస్తున్నాడని హోవర్డ్ గ్రహించారు. అయిదేళ్లు గడిచేసరికి, విషపు మందుల సాయం లేకుండా ఆరోగ్యకరమైన పైరు పండించడం తనకూ పట్టుబడిందని ఆయన రాసుకున్నారు.

ఈ దంపతులకు మొదట కీర్తి తెచ్చింది గోధుమ. దేశమంతటి గోధుమ రకాలను సేకరించి, వర్గీకరించి, 1909లో ఒక బృహద్గ్రంథం వెలువరించారు. వారు రూపొందించిన పూసా 4, పూసా 12 రకాలు ఉత్తర భారతంలో విస్తారంగా వ్యాపించాయి. అయితే మంచి విత్తనాన్ని చవుడు తేలిన నేలలో, నిస్సారమైన నేలలో వేస్తే అది తన శక్తిని చూపలేదని వారికి త్వరలోనే అర్థమైంది. విత్తనం నుంచి వారి దృష్టి వేళ్ల వైపు, వేళ్ల నుంచి వాటి చుట్టూ ఉన్న మట్టి వైపు మళ్లింది.

బిహార్ నీలిమందు పంట అందుకు ఒక పాఠమైంది. జర్మనీలో తయారైన కృత్రిమ నీలి రంగు వల్ల ఆ సాగు అప్పటికే కుదేలైంది. మిగిలిన కొద్దిపాటి పంటను ఎండు తెగులు నాశనం చేస్తోంది. అందరూ ఏదో క్రిమి కోసం వెతుకుతుండగా, హోవర్డ్ దంపతులు మొక్కలను వేళ్లతో సహా తవ్వి చూశారు. వానలకు నేల బిగుసుకుపోయి, లోపలికి గాలి ఆడక, పిల్లవేళ్లూ వాటి బుడిపెలూ చచ్చిపోతున్నాయి. మొక్క పైన వాడిపోవడం కింద జరుగుతున్న నష్టానికి గుర్తు మాత్రమే. మట్టికీ ఊపిరి కావాలి. అందులోని ప్రాణులకూ ఊపిరి కావాలి. నీరు, ఎరువులతోపాటు గాలి కూడా పంటకు అవసరమేనన్న ఈ విషయాన్ని ఆ తరువాత క్వెట్టాలోని పండ్ల తోటల క్షేత్రంలోనూ వారు పరీక్షించి చూశారు.

ఇన్ని ఫలితాలు వచ్చినా పూసాలో హోవర్డ్‌కు ఇబ్బందులు తప్పలేదు. అక్కడ పురుగుల శాస్త్రం ఒక విభాగం, శిలీంధ్ర శాస్త్రం మరొక విభాగం, రసాయన శాస్త్రం వేరొక విభాగం. ఒకే మొక్కను వేరు, ఆకు, పురుగు, తెగులు, మట్టి అంటూ ముక్కలు చేసి పంచుకున్న ఏర్పాటు అది. మొక్కనూ నేలనూ ఒక్కటిగా చూడాలంటే తన ఆలోచన ప్రకారం నడిచే సంస్థ ఒకటి కావాలని ఆయన నిశ్చయించుకున్నారు.

ఆ అవకాశం ఇందోర్‌లో లభించింది. హోల్కర్ సంస్థానం 300 ఎకరాల నల్లరేగడి భూమిని కేటాయించింది. ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ, మధ్య భారత సంస్థానాలు ఆర్థిక సహాయం అందించాయి. 1924లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ ప్రారంభమైంది. పేరుకు అది పత్తి పరిశోధన సంస్థ. పత్తి బాగుండాలంటే ముందు నేల బాగుండాలన్నది దాని డైరెక్టర్ సిద్ధాంతం.

అక్కడ ఎదురైన సమస్య ఈనాటి రైతుకూ తెలిసిందే. పంట తీసిన తరువాత పత్తి కట్టె, కంది కట్టె, చెత్తా చెదారం మిగులుతాయి. పేడలో సగం పిడకలై పొయ్యిలోకి పోతుంది. నేలకు తిరిగి చేరేది చాలా తక్కువ. ఎండు కట్టెను నేరుగా మట్టిలో కలిపితే మరో చిక్కు ఉంది. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తమ శరీరాలు నిర్మించుకోవడానికి నత్రజని కావాలి. ఎండు కట్టెలో కర్బనం ఎక్కువ, నత్రజని అతి తక్కువ. కొరవడిన నత్రజనిని అవి మట్టి నుంచి లాక్కుంటాయి. ఫలితంగా పైరు పసుపు బారుతుంది. కనుక ఆ కుళ్లే ప్రక్రియ పొలం బయటే, తగిన పాళ్లలో జరగాలి.

అమెరికాకు చెందిన మృత్తికా శాస్త్రవేత్త ఎఫ్. హెచ్. కింగ్ 1911లో ప్రచురితమైన తన గ్రంథంలో చైనా, కొరియా, జపాన్ రైతులు వ్యర్థాలను నేలకు తిరిగి చేర్చే తీరును వర్ణించారు. హోవర్డ్ ఆ పద్ధతులను భారతీయ రైతుల అనుభవంతోనూ, రసాయన శాస్త్రపు కొలతలతోనూ జోడించారు. కొలతల బాధ్యతను ఆయన సహచరుడు, రసాయన శాస్త్రవేత్త యశ్వంత్ డి. వాడ్ నిర్వహించారు. ఆ విధంగా రూపొందినదే ప్రపంచమంతా ఇందోర్ పద్ధతిగా ఎరిగిన కంపోస్టు తయారీ విధానం.

పద్ధతి సులువైనది. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంతలు తవ్వుతారు. గట్టిగా ఉండే పత్తి కట్టెను మొదట బండ్లు నడిచే బాట మీద పరుస్తారు. చక్రాల కింద అది నలిగి మెత్తబడుతుంది. తరువాత దానిని పశువుల కింద పరుపుగా వేస్తారు. ఆ పరుపునూ, పేడనూ, కొట్టంలో మూత్రం ఇంకిన మట్టినీ, కట్టెల బూడిదనూ పొరలు పొరలుగా గుంతలో నింపి నీళ్లు చిలకరిస్తారు. నడుస్తున్న పాత గుంత నుంచి కొంత పదార్థాన్ని తెచ్చి, పెరుగుకు తోడు వేసినట్టు కలుపుతారు. మొదట శిలీంధ్రాలు, వాటి వెంట బ్యాక్టీరియా పనిలోకి దిగుతాయి. లోపలి వేడి దాదాపు 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడికి కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలావరకు నశిస్తాయి. గాలి ఆడడం కోసం మూడు సార్లు తిరగవేస్తారు. సుమారు 90 రోజులకు చెత్త ఆనవాలు లేని, నల్లని, మట్టి వాసన గల ఎరువు సిద్ధమవుతుంది.

ఇందులో కొత్త యంత్రం లేదు, కొనవలసిన మందు లేదు. పని చేసేది కంటికి కనిపించని జీవకోటి. వాటికి కావలసిన తిండి, నీరు, గాలి సమకూర్చడమే మనిషి పని. 1931లో హోవర్డ్, వాడ్ కలిసి ఈ పద్ధతిని గ్రంథస్థం చేశారు. కెన్యా కాఫీ తోటల నుంచి అస్సాం, సింహళ టీ తోటల వరకు అది పాకింది. 1935లో ఇందోర్ వచ్చిన మహాత్మా గాంధీ ఈ సంస్థను సందర్శించి ఎరువు తయారీని స్వయంగా పరిశీలించారు. పల్లె పారిశుద్ధ్యం, పల్లె సేద్యం రెండూ ఒకే గుంతలో కలిసే ఈ విధానం ఆయన గ్రామ పునర్నిర్మాణ ఆలోచనకు చేరువైనది.

ఆ గ్రంథం వెలువడేనాటికి గాబ్రియెల్ లేరు. 1930 ఆగస్టులో ఆమె మరణించారు. ఆమె లేని ఇందోర్‌లో హోవర్డ్ ఎక్కువ కాలం ఉండలేకపోయారు. 1931లో పదవి నుంచి వైదొలగి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆ తరువాత గాబ్రియెల్ సోదరి లూయీస్ ఆయన జీవిత సహచరి అయ్యారు. భారతదేశంలో అక్కాబావలు చేసిన పనిని ఆమె తరువాతి కాలంలో ఒక పుస్తకంగా కూర్చారు. 1934లో బ్రిటిష్ ప్రభుత్వం హోవర్డ్‌కు సర్ బిరుదునిచ్చింది.

విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన జీవితంలో మరో అధ్యాయం మొదలైంది. 1937 చివర భారత్, సింహళ దేశాల టీ తోటలను చూడడానికి వచ్చినప్పుడు, కంపోస్టు వేసిన తోటలలోని మొక్కల వేళ్లను సేకరించారు. వాటి కణాలలో శిలీంధ్రపు పోగులు అల్లుకుని కనిపించాయి. మొక్క వేరుతో శిలీంధ్రం కలిసి జీవించే ఈ బంధానికి 1885లోనే ఎ. బి. ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త మైకోరైజా అని పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లో ఎం. సి. రేనర్ దేవదారు జాతి మొక్కలపై దీనిని పరిశోధిస్తున్నారు. తాను ఇరవై ఏళ్లుగా వెతుకుతున్న జవాబు దొరికిందని హోవర్డ్ నమ్మారు. మట్టిలోని హ్యూమస్‌కూ మొక్క ప్రాణానికీ నడుమ ఈ శిలీంధ్రమే సజీవ వారధి అని 1940లో ప్రచురించిన ఆన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ గ్రంథంలో ప్రతిపాదించారు.

ఇక్కడ ఆయన చూపు ఎంతవరకు సరైనది, ఎక్కడ తప్పింది అన్నది చెప్పుకోవాలి. వేరు ఆ శిలీంధ్రాన్ని జీర్ణించుకుని దాని మాంసకృత్తులను పొందుతుందని ఆయన భావించారు. తరువాతి పరిశోధనలు చూపిన బంధం అలా లేదు. అది ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం. వేరు చేరలేని సందులలోకి శిలీంధ్రపు సన్నని పోగులు చొరబడి భాస్వరాన్ని, ఇతర పోషకాలను తెచ్చి మొక్కకు ఇస్తాయి. బదులుగా మొక్క తాను ఆకులలో తయారుచేసుకున్న చక్కెరలను, కొవ్వు పదార్థాలను వాటికి పంచుతుంది. భూమిపై ఉన్న మొక్కల జాతులలో అత్యధిక భాగానికి ఇటువంటి బంధం ఉందనీ, అది 40 కోట్ల సంవత్సరాలకు పైగా పాతదనీ శిలాజాలు సాక్ష్యమిస్తున్నాయి. వివరంలో హోవర్డ్ పొరబడ్డారు. ఆ బంధపు ప్రాధాన్యాన్ని మాత్రం సరిగానే గుర్తించారు.

రసాయన ఎరువులను ఆయన పూర్తిగా నిరాకరించడం తీవ్ర వివాదానికి దారితీసింది. ఒక్క చిటికెడు కూడా వద్దన్న ఆ పట్టుదలను నాటి వ్యవసాయ శాస్త్రవేత్తలలో అధికులు అంగీకరించలేదు. వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. పూసా ఎద్దుల ఉదంతం వంటివి విలువైన పరిశీలనలే తప్ప, పోలిక పెట్టి చూసిన ప్రయోగాలు కావు. గాలికుంటు నివారణకు ఈనాటికీ టీకాయే మార్గం. దేశం ఆకలితో ఉన్నప్పుడు నత్రజని ఎరువులు కోట్ల మందికి తిండి పెట్టిన మాటా కాదనలేనిది. అయితే మట్టికి తిరిగి ఇవ్వకుండా తీసుకుంటూ పోతే ఏమవుతుందన్న ఆయన హెచ్చరికను ఆ వాదనలేవీ కొట్టివేయలేకపోయాయి.

ఆయన రచనల ప్రభావం ఖండాలు దాటింది. ఇంగ్లండ్‌లో లేడీ ఈవ్ బాల్ఫోర్ 1943లో సజీవ మృత్తికపై గ్రంథం రాశారు. 1946లో అక్కడ సాయిల్ అసోసియేషన్ ఏర్పడింది. అమెరికాలో జె. ఐ. రోడేల్ 1942లో సేంద్రియ సేద్యంపై పత్రిక ప్రారంభించారు. భారతదేశం స్వాతంత్ర్యం పొందిన రెండు నెలలకు, 1947 అక్టోబరు 20న, హోవర్డ్ లండన్‌లో కన్నుమూశారు. సేంద్రియ వ్యవసాయ ఉద్యమ పితామహులలో ఒకరిగా ఆయనను ప్రపంచం గుర్తుంచుకుంది. ఆయన మొదటి గురువులైన బిహార్, మాళ్వా రైతులలో ఒక్కరి పేరూ ఆ చరిత్రలో నమోదు కాలేదు.

ఆయన వెతికిన దారి ఇప్పుడు ప్రయోగశాలలలోనూ పొలాలలోనూ కొనసాగుతోంది. రైజోబియం, అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా, మైకోరైజా శిలీంధ్రం ఈనాడు జీవన ఎరువులుగా రైతులకు లభిస్తున్నాయి. 2015లో ప్రారంభమైన భూసార కార్డుల పథకంలో పరీక్షించే 12 అంశాలలో సేంద్రియ కర్బనం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయం వేరే మూలాల నుంచి వచ్చినదే అయినా, నేలలోని సూక్ష్మజీవులకు ముందు తిండి పెట్టాలన్న దాని భావన హోవర్డ్ ఆలోచనకు దగ్గరిదే. తొలకరికి జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, పూత దశలో కలియదున్ని, ఆ తరువాత వరి నాటే రైతు కూడా ఆ పనే చేస్తున్నాడు.

సీసాలో వచ్చే జీవన ఎరువు ఒక్కటే నేలను మార్చలేదన్న సత్యం కూడా ఇందోర్ గుంతలలోనే ఉంది. బయటి నుంచి తెచ్చి వేసిన సూక్ష్మజీవి బతకాలంటే దానికి ఆ నేలలో తిండి, తేమ, గాలి ఉండాలి. పంట వ్యర్థాలను తగులబెట్టిన పొలంలో దానికి తిండి దొరకదు. కోత తరువాత పత్తి కట్టెకు, వరి గడ్డికి నిప్పు పెట్టాలా, ఎరువు గుంతకు చేర్చాలా అన్న నిర్ణయం ఏటా రైతు ముందుకు వస్తూనే ఉంది. ఆ రెండో పనికి మూడు నెలల సమయం, కూలీల ఖర్చు కావాలి. తరువాతి పంటకు పొలం ఖాళీ చేయవలసిన తొందరలో ఆ రెండూ దొరకడం కష్టమే. పత్తి కట్టెను బండ్ల చక్రాల కిందనే నలగగొట్టి, ఉన్న పశువులతో, ఉన్న మనుషులతోనే పని సాగేలా హోవర్డ్, వాడ్ తమ పద్ధతిని రూపొందించడానికి కారణం ఈ ఇబ్బంది వారికి తెలిసి ఉండడమే. నేటి పొలాలలో ఎద్దుబండ్లు తగ్గాయి, పశువులూ తగ్గాయి. నేటి రైతుకు అందుబాటులో ఉన్న సాధనాలతో అదే పని ఎలా చేయాలో కనుగొనడమే ఆయన మిగిల్చి వెళ్లిన పని.